ప్రమోద వాటా బియ్యం

నాకు ముక్కు మీద కోపమని మా ఆయన ఓంప్రకాష్ కనిపించిన వాళ్లందరికీ చెబుతాడు. ఆ ఆదివారం ఆ కోపమే లేకపోతే నా అడవి ప్రయాణం మెట్ల దగ్గరే ఆగిపోయేది.

రెండేళ్ల కింద పంజాగుట్ట దగ్గర స్కూటీ జారి నా తొడ ఎముక విరిగింది. రాడ్ వేశారు, ఎముక అతుక్కుంది, ఇక ఏ పనైనా చేసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ మాట మా ఆయన చెవికెక్కలేదు. అమీర్‌పేటలో మా టైలరింగ్ దుకాణంలో నేను బట్ట తాను ఎత్తబోతే చాలు, మిషన్ ఆపి పరుగెత్తుకొచ్చేవాడు. ఇంట్లో నీళ్ల బకెట్టు కూడా ముట్టనిచ్చేవాడు కాదు. ప్రేమే, కాదనను. కానీ నన్ను గాజుబొమ్మను చేసి అల్మారాలో పెట్టే ప్రేమ నాకు గిట్టదు.

అందుకే నవీన బ్యాచ్‌లో చేరాను. నవీన మా గల్లీ చివర కంప్యూటర్ పాఠాలు చెప్పే పిల్ల. సెలవులొస్తే మాలాంటి వాళ్లను పోగేసి అడవుల్లో నడిపిస్తుంది. ఈసారి ఆరుగురం నల్లమలకు. అక్కడ దుకాణం లేదు, కూలీ లేడు, గుడారం నుంచి ఉప్పు దాకా అన్నీ మన వీపు మీదే. ఉమ్మడి సామాను నవీన అందరికీ పంచింది. రిటైరైన బస్సు కండక్టర్ హనుమాండ్లన్నకు గుడారం వచ్చింది, నాకు అందరి బియ్యం వచ్చింది. ఒక షరతు కూడా పెట్టింది. బయల్దేరే ముందు ఆదివారం, పంజాగుట్టలో తానుండే బిల్డింగ్ ఐదో అంతస్తు పైన డాబా మీదికి ఎవరి సంచి వాళ్లు మోసుకుని మెట్లెక్కి రావాలి. లిఫ్ట్ వద్దు, సాయం వద్దు. ఎక్కలేనివాళ్లు ఈసారికి ఇంట్లోనే.

నా సంచి నేనే ముందురోజు రాత్రి సర్దుకున్నాను. దాన్ని స్కూటర్ మీద ముందు పెట్టుకుని ఆయన తెచ్చాడు. భుజాలకు తగిలించుకుని ఎక్కడం మొదలుపెడితే, ఆశ్చర్యం, పెద్దగా ఆయాసం కూడా రాలేదు. ఇన్నాళ్లు పొద్దున్నే నడిచిన నడక వృథా పోలేదని మురిసిపోయాను. డాబా మీద అందరూ చప్పట్లు కొట్టారు.

వాన పడితే సామాను తడవకుండా సర్దామో లేదో చూస్తానని నవీన సంచులు విప్పించింది. నా బియ్యం మూట ముడి విప్పింది. లోపల మరమరాలు.

హనుమాండ్లన్న పకపకా నవ్వాడు. "ఏంది ప్రమోదమ్మా, అడవిల పిట్టలకు ఏస్తవా?"

నాకు తల కొట్టేసినట్లయింది. ఇది ఎవరి పనో అడగక్కర్లేదు. నవీన నా ముఖం చూసి మెల్లగా అంది. "ఫికర్ చెయ్యకు అక్కా. బియ్యం మేం పంచుకుంటం. నువ్వు ప్లేట్లు, ఉప్పు పట్టుకో."

మరమరాల కన్నా ఆ మాటే ఎక్కువ మంట పుట్టించింది. "నా వాటా నాకే ఉండనీ. మళ్ల ఎక్కి వస్త, జర ఆగుండ్రి" అని సంచి పట్టుకుని దిగాను.

కింద ఆయన స్కూటర్‌కు ఆనుకుని నిలబడ్డాడు. నన్ను చూడగానే ముఖం పాలిపోయింది.

"నీ కాలు ఆగమైతదని..." అన్నాడు.

"నా కాలు మంచిగనే ఉన్నది. నీ భయమే కుంటుతున్నది. అడవిల అందరికి గీ మరమరాలు వండిపెడుదునా? పో, బియ్యం తే."

ఆయన సందులోని కిరాణా కొట్టుకు వెళ్లి తెచ్చాడు. మూట కట్టి, సంచి మధ్యలో వీపుకు ఆనేలా పెట్టి, చుట్టూ బట్టలు కుక్కాను. ఎత్తుకోగానే అసలు బరువేమిటో తెలిసింది. పట్టీలు భుజాల్లోకి దిగాయి. అయినా ఎక్కాను.

రెండో అంతస్తు దాటాక బరువు ఉన్నట్టుండి తగ్గింది. అనుమానమొచ్చి తిరిగి చూస్తే, ఆయన సంచి కింద చెయ్యి పెట్టి నడుస్తున్నాడు!

"చెయ్యి తియ్యి! నా ఎనక కాదు, ముంగట నడువు."

దొంగలా తల వంచుకుని ముందుకు వచ్చాడు. నాలుగో అంతస్తు దగ్గర కాళ్లు వణికాయి. మెట్టు మీద కూలబడ్డాను. ఆయన చేతులు చాచాడు గానీ ముట్టుకోలేదు. నొప్పి లేదు, వణుకు మాత్రమే. ఆ రెండిటికీ తేడా నాకు బాగా తెలుసు, రెండేళ్లుగా ఆ కాలితోనే కదా కాపురం. సాయం వద్దన్నారు గానీ కూర్చోవద్దని ఎవరూ అనలేదు. ఊపిరి అందాక రెయిలింగు పట్టుకుని లేచాను. పళ్లు బిగించి మిగిలిన మెట్లు ఎక్కేశాను.

ఈసారి చప్పట్లు లేవు. నవీన మూటలో చెయ్యి పెట్టి పిడికెడు బియ్యం తీసి చూసింది, మళ్లీ లోపల పోసి ముడి వేసింది. "అక్కా, బియ్యం నీ దగ్గరే. శుక్రవారం పోతున్నం" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అందరూ దిగుతుంటే, అలవాటు ప్రకారం మా ఆయనే ముందు సంచి అందుకున్నాడు. ఎత్తగానే భుజం ఒరిగింది.

"అన్నీ కలిస్తె గింత బరువున్నదా? గిది మోసుకొని ఎక్కినవా?"

ఇక కాలి గురించి పాఠం మొదలవుతుందని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను.

"అటు తిరుగు" అన్నాడు.

తిరిగాను. సంచి ఎత్తి తన చేతులతోనే నా భుజాలకు తగిలించాడు. జాకెట్టు కొలత చూసేవాడిలా పట్టీలు లాగి సమానం చేశాడు, నడుము బెల్టు బిగించాడు. తర్వాత మెట్ల దగ్గర పక్కకు జరిగి నాకు దారి ఇచ్చాడు.