బిగించడం ఒక్కటే వచ్చు

ఏ పనైనా మొదలుపెట్టానంటే అంతు చూసేదాకా వదలను. ఆ మొండితనమే నా కొంప ముంచింది.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్ల లైను నాది. లైనుకు నలభైమంది ఆడవాళ్ళం, బాత్రూముకు వెళ్ళడానికి ఒక్కటే టోకెను. అరచేయంత చెక్కముక్క, సూపర్‌వైజరమ్మ బల్ల పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. అది మేకుకు ఉంటే వెళ్ళాలి, లేకపోతే కూర్చోవాలి. టీ విరామంలో అందరం ఒకేసారి పరిగెడతాం. పది నిమిషాలు కాగానే ఆవిడ ఈల వేస్తుంది. వరసలో వంతు రానివాళ్ళు పంటి బిగువున ఆపుకుని మిషను దగ్గరికి వచ్చేయాలి. పదకొండేళ్ళుగా నాకు ఇదే బతుకు.

రెండో పిల్ల పుట్టాక ఇంకో తంటా వచ్చిపడింది. మా ఆయన దగ్గరికి వస్తే నొప్పి. అలాంటిలాంటి నొప్పి కాదు, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. నా మొహం చూసి వెనక్కి తగ్గేవాడు. కొన్నాళ్ళకు అటు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. రోజూ ఆ వీపు చూడడం నా వల్ల కాలేదు. ఆయన నాకు కావాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను.

అప్పుడే ఫోనులో ఒకావిడ వీడియో కనబడింది. మూత్రం ఆపుకునే కండరాన్ని బిగించాలట, పది లెక్కపెట్టాలట, వదలాలట. మూడు నెలలు చేస్తే కాపురం కొత్తదవుతుందట. ఓస్, ఇంతేనా అనుకున్నాను. కాలరు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఒకసారి బిగించాను. రోజుకు మూడు వందల కాలర్లు. మూడు నెలలు ఓపిక పట్టమని మా ఆయనకు గొప్పగా చెప్పాను కూడా. పాపం, పట్టాడు. నాలుగో నెలకు నొప్పి తగ్గకపోగా రెండింతలైంది.

సగం రోజు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ చూసి ఫిజియోథెరపీ గదికి పంపింది. అక్కడున్న అమ్మాయికి నా చెల్లెలి వయసుంటుంది. గ్లవుజు వేసుకుని పరీక్ష చేస్తూ బిగించమంది. బిగించాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"ఇప్పుడు వదలండక్కా," అంది.

"వదిలేశానుగా."

"లేదక్కా. మీరు వదల్లేదు."

మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వదిలాననే అనుకున్నాను. నా ఒళ్ళు నా మాట వినడం లేదని పరాయి పిల్ల చెబితే గానీ నాకు తెలియలేదు. నా కండరంలో బలం లేక కాదట, బిగువు ఎక్కువై ఈ నొప్పట. ఏళ్ళ తరబడి ఆపుకుని ఆపుకుని అది వదులవడమే మరిచిపోయిందట. వదులైపోయినవాళ్ళు చేయాల్సిన వ్యాయామం నేను చేశానట. ఇక బిగించడం మానేయాలి. పొట్ట నిండా గాలి పీల్చి మెల్లగా వదలడం నేర్చుకోవాలి. మూత్రం వచ్చినప్పుడు ఆపుకోకుండా వెళ్ళాలి. ఆ ఆఖరి మాటకు ఏడవలేక నవ్వాను. సంగతి తెలుసుకుని ఫ్యాక్టరీకి చీటీ రాసిచ్చింది.

సూపర్‌వైజరమ్మ ఆ చీటీని రెండుసార్లు చదివింది. చెడ్డ మనిషేం కాదు, ఆవిడా పదిహేనేళ్ళు మిషను మీద కూర్చుని వచ్చిందే. నాకు ఒప్పుకుంటే మిగతా ముప్పై తొమ్మిది మందీ చీటీలు తెస్తారని, ఇంకో టోకెను పెట్టడం తన చేతిలో లేదని చెప్పింది. చీటీ మడిచి అదే మేకుకు గుచ్చింది. ఒళ్ళు మండింది. కానీ ఎవరిమీద అరవాలో తెలియలేదు.

ఆదివారం మధ్యాహ్నం పిల్లలు కింది వాటాలోకి ఆటకు పోయారు. మా ఆయనకు అంతా చెప్పేశాను, టోకెను సంగతితో సహా. ఇన్నేళ్ళలో ఆ చెక్కముక్క మాట ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

"నా మీద ఇష్టం పోయిందనుకున్నాను," అన్నాడు.

తల అడ్డంగా ఊపాను. ఏమీ అడగననీ, ఊరికే నా ఊపిరి లెక్కపెడతాననీ చెప్పి, పక్కన పడుకుని నా పొట్ట మీద చేయి వేశాడు. పీల్చాను, వదిలాను. ఆయన పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. ఏడోసారో ఎనిమిదోసారో, లోపలెక్కడో ముడి కాస్త జారినట్టయింది. ఆ అమ్మాయి చెప్పింది ఇదేనేమో అనిపించింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మెల్లగా ఆయన వైపు తిరిగాను.

అంతలో పక్కింటి వంటింట్లో కుక్కరు ఈల వేసింది.

నా ఒళ్ళు పాదాల దాకా ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఆయన చేతికి తెలిసిపోయింది.

"కుక్కరేనే," అన్నాడు.

"నాకు తెలుసు," అన్నాను. "నా ఒంటికి తెలియదు."

ఆయన చేయి తీయలేదు. రెండో ఈల ఎప్పుడొస్తుందా అని ఇద్దరం కదలకుండా పడుకున్నాం.