ఎడమ చెయ్యి

మేనల్లుడికి తను తీసే పెళ్ళి ఫొటోలంటే ఒళ్ళుమంట. ఎవరెవరివో పళ్ళికిలింపులు తీసీ తీసీ విసుగెత్తిపోయి, గోడకి తగిలిస్తే నలుగురూ నోరెళ్ళబెట్టే ఫొటో ఒక్కటైనా తియ్యాలని పంతం పట్టాడు. పట్నంలో ఎవరో పాతకాలపు పనుల మీద ఫొటోల ప్రదర్శన పెడుతున్నారని తెలియగానే, అతగాడికి ఉన్నట్టుండి మామయ్య మీద ప్రేమ పొంగుకొచ్చింది.

మామయ్య గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు. బతుకంతా ఒక పొడుగాటి రేకుల షెడ్డులో నడుం వంచి పనిచేశాడు. ఆయన చేతికింద ఏ తల్లిగొర్రెకీ చన్ను తెగలేదు. చన్ను తెగితే ఇక పాలివ్వదు, దాన్ని కసాయి కొట్టుకి తోలేస్తారు. తెగ్గోసినవాడి మొహం కూడా షెడ్డులో ఎవరూ చూడరు. అందుకే వేళ్ళు వణకడం మొదలైన రోజే, తప్పు జరక్కముందే, మామయ్య కత్తెర తుడిచి మేకుకి తగిలించి ఇంటికొచ్చేశాడు. తోటివాళ్ళు ఆయన్ని "గాటెరగని చెయ్యి" అనేవారు. ఆ పేరు చెడకుండా పోవాలన్నదే ఆయన కోరిక.

"ఉత్తినే కత్తెర పట్టుకుని కూర్చుంటే చాలు మామయ్యా. కత్తిరించక్కర్లేదు," అన్నాడు మేనల్లుడు.

"నువ్వు ఉత్తినే అన్నప్పుడల్లా మా కొంప మునుగుతూనే ఉంది," అంది అత్తయ్య గిన్నెలు తోముతూ. "వద్దండీ. మానేశారు, ఇంక మానేసినట్టే ఉండండి."

మామయ్య అప్పటికే చొక్కా మార్చుకుంటున్నాడు. పని చేస్తుండగా తీసిన ఫొటో ఆయనకి ఒక్కటీ లేదు. ఆ సంగతి మేనల్లుడికి బాగా తెలుసు.

కొత్త షెడ్డులో మిషన్లొచ్చాక పాతది పాడుబడింది. రేకులకి పడ్డ చిల్లుల్లోంచి ఎండ కడ్డీల్లా దిగుతోంది. ఉన్ని జిడ్డుకి నేలచెక్కలు నున్నగా నల్లబడ్డాయి. నిలువు గుంజలు మనుషులు వీపులు ఆనించిన ఎత్తులో అరిగి గుంటలు పడ్డాయి. షెడ్డు యజమాని మొహమాటానికి ఒక తల్లిగొర్రెని ఇచ్చాడు. దాని పిల్ల కంచె అవతల నిలబడి అరుస్తోంది.

మామయ్య గొర్రెని వెనక్కి వాల్చి మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకున్నాడు.

"ఒక్క కుచ్చు కత్తిరించు మామయ్యా. ఊరికే కూర్చుంటే నాటకంలా ఉంది."

ఒక్క కుచ్చు కత్తిరించాడు. తర్వాత ఇంకొకటి. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యి పాత దోవ పట్టుకుంది. ఉన్ని దుప్పటిలా ఒకే ముక్కగా ఊడి వస్తుంటే మామయ్య పైకే నవ్వాడు. మేనల్లుడు మీట నొక్కి చూసుకున్నాడు. ఫొటో బాగుంది. బాగుండటమే దానికొచ్చిన రోగమనుకున్నాడు మహానుభావుడు. నవ్వే ముసలాళ్ళు ప్రతి క్యాలెండరు మీదా ఉంటారట.

మొదట చెయ్యాల్సిన పొట్టభాగాన్ని, చేతిమీద నమ్మకం కుదిరేదాకా మామయ్య ఆపి ఉంచాడు. ఇప్పుడు ఎడమ అరచేత్తో చన్నులు మూసి, కుడిచేత్తో కత్తెర ఆడించసాగాడు.

"ఆ ఎడమ చెయ్యి అడ్డొస్తోంది మామయ్యా. కత్తెర కనబడట్లేదు. కాస్త తియ్యి."

మామయ్య తలెత్తాడు. "తియ్యకూడదురా. నీకు తెలీదా?"

తెలుసు. చిన్నప్పుడు ఈ చెక్కల మీదే కూర్చోబెట్టి మామయ్య చెప్పిన మొదటి పాఠం అదే.

"ఒక్క క్షణం. నా కోసం."

"నీ కోసమా? సరేలే," అంటూ మామయ్య చెయ్యి తీశాడు.

కత్తెర మొన వణకడం మేనల్లుడికి కెమెరాలోంచి స్పష్టంగా కనిపించింది. అది పక్కకి జారుతోంది. ఆగు అనడానికి వ్యవధి ఉంది.

"అలాగే ఉండు మామయ్యా," అన్నాడు, మీట నొక్కాడు.

నెత్తురూ పాలూ కలిసి చెక్క మీదికి కారాయి. మామయ్య గుడ్డతో అదిమిపట్టి, "చూసుకోలేదమ్మా, చూసుకోలేదు," అని గొర్రెకి చెప్పుకున్నాడు. ఆ సాయంత్రం కసాయి కొట్టుకి దాన్ని తనే తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి అన్నం ముట్టలేదు.

"నేను నవ్వింది ఉందిగా, అది పెట్టు అల్లుడూ. రెండోది ఎవరికీ చూపించకు."

"నీ మీద ఒట్టు మామయ్యా."

ఆ మాట నమ్మి మామయ్య ప్రదర్శనకి షెడ్డులో పాత తోటివాళ్ళందరినీ వెంటేసుకొచ్చాడు. దారి పొడుగునా బడాయి కొట్టాడు. హాల్లోకి అడుగుపెడితే ఎదురుగోడకి రెండోదే ఉంది, తలుపంత పెద్దది. గాల్లో లేచిన ఎడమ చెయ్యి, తెగిన చన్ను, బిత్తరపోయిన ముసలి మొహం. జనం ఆహా అంటున్నారు.

తోటివాళ్ళు మాత్రం దగ్గరికెళ్ళి తెగిన చోటు చూశారు. ఒకప్పుడు మామయ్య పక్క గుంజ దగ్గర పనిచేసినాయన చాలాసేపు చూసి, "చెయ్యి తీసేశాడు," అని బయటికి నడిచాడు. మిగతావాళ్ళు ఆయన వెనకే వెళ్ళిపోయారు.

మామయ్య సిగ్గుతో చితికిపోయాడు. "నవ్వింది ఏదిరా?" అన్నాడు.

"చెరిపేశాను మామయ్యా. అలాంటివి ఎవడైనా తీస్తాడు."

మామయ్య గోడ దగ్గరికి వెళ్ళి, ఫొటోలో చన్ను తెగిన చోట ఎడమ అరచెయ్యి ఆనించి మూశాడు.

మేనల్లుడి చెయ్యి కెమెరా మీదికి పోయింది.

"అలాగే ఉండు మామయ్యా," అన్నాడు.

మామయ్య అలాగే ఉన్నాడు.