కూడలిలో దొరికిన మాట

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి ఆమె బల్ల మీద ఆరు సైకిల్ ఫ్రేములు వరసగా పడుకుని ఉంటాయి. ఇంకా రంగు వెయ్యలేదు గనక అన్నీ కాకి నలుపే. అరిగిపోయిన ఓ నాణెం పట్టుకుని, గొట్టాల మీద వేలెడేసి దూరానికి ఒకసారి తట్టి, చెవి ఆనించి వినడం ఆమె ఉద్యోగం. కార్బన్ పొరలు గట్టిగా అతుక్కున్న చోట టిక్కుమంటుంది. పొరల మధ్య గాలి బుడగ మిగిలిన చోట మాట వినిపిస్తుంది.

ఆ పొర పరిచేటప్పుడు బల్ల దగ్గర ఎవరేమన్నారో అదే మాట. గాలితోపాటు మాటా ఇరుక్కుంటుంది మరి. ఓ గొట్టం "మా అత్తగారికి మళ్ళీ మోకాళ్ళ నొప్పులు" అంటుంది. ఇంకోటి "కూరలో ఉప్పెయ్యడం మరిచిపోయా" అని బాధపడుతుంది. మాట ఎక్కడుందో సుద్దతో సున్నా చుట్టి చూపించాలి, ఏముందో మాత్రం ఎవరికీ చెప్పకూడదని కార్ఖానాలో కట్టడి. లేకపోతే ఎన్ని కొంపల్లో గొడవలయ్యేవో.

కొనేవాళ్ళు ఫ్రేమును ఒంటి వేలితో ఎత్తి, "ఎన్ని గ్రాములండీ?" అని అడిగి మురిసిపోతారు.

"రంగేశాక అన్నీ అందగత్తెలేనే పిల్లా," అనేవాడు బాబాయి. "బరువు తగ్గించడం ఏముంది, నాలుగు పొరలు ఎగ్గొడితే సరి. పోగు ఎటు పరిచావు, గాలి ఎంత తీశావు, అచ్చులో ఎంత ఒత్తావు, అదీ లెక్క. తిన్నగా పరిచిన పోగు తొక్కుడుకి ఆగుతుంది. ఏటవాలుగా పరిచింది మెలికకి ఆగుతుంది. అటుదిటయిందా, ఏదో ఒకరోజు పుటుక్కుమంటుంది."

నాన్న పోయాక ఆమెను పెంచిందీ, ఈ పనిలో పెట్టిందీ బాబాయే. మనిషి వసపిట్ట. జిగురు పట్టిన కార్బన్ నల్లగుడ్డ పరుస్తున్నంతసేపూ నోరు మూతపడదు. కానీ చెక్కబద్దతో గాలినంతా ఎంత నున్నగా తోసేసేవాడంటే, ఇరవై రెండేళ్ళలో అతని ఫ్రేము ఒక్కటీ పల్లెత్తు మాటనలేదు. అందుకే అందరూ అతన్ని మౌనిబాబా అనేవాళ్ళు.

ఆ గురువారం ఆమె ముందుకి వచ్చిన మొదటి ఫ్రేము అతను పరిచిందే. వచ్చే ఆదివారం కొండదారి పందెంలో తొక్కబోయే ఒకావిడ కోసం చేసింది. కొలతలివ్వడానికి వచ్చినప్పుడు ఆవిడ, "దిగేటప్పుడు బ్రేకు ముట్టుకోనండీ, కిందున్నదాన్ని నమ్మేస్తాను," అంది నవ్వుతూ.

పెడల్ ఇరుసు దగ్గర గొట్టాలు కలిసే కూడలిని తట్టింది. లోపల్నుంచి బాబాయి గొంతు.

"పోగు గీత కనబడ్డం లేదు. ఇటా, అటా... ఇటే అయ్యుంటుందిలే."

మళ్ళీ తట్టింది. మళ్ళీ అదే మాట, అదే సన్నటి వణుకు.

సుద్దముక్క తీసి చేతిలోనే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఊరుకుంటే ఎవరికీ తెలీదు. కొండ మీద ఏదో మలుపుకి మాత్రం తెలుస్తుంది. సున్నా చుట్టేసింది.

యజమానురాలు వచ్చి సున్నా చూసింది, పరిచినవాళ్ళ చీటీ చూసింది. "మౌనిబాబాదా?"

"అవునండీ."

ఏమందని ఆవిడ అడగలేదు. "రేపటికి ఇంకోటి పరవమను," అని మాత్రం అంది.

మధ్యాహ్నం బాబాయి పక్కన అన్నం డబ్బా విప్పుతూ అడిగింది. "కళ్ళు ఎప్పట్నుంచి కనబడ్డం లేదు?"

"ఎవరన్నారు?"

"నువ్వే అన్నావు. కూడలి దగ్గర."

బాబాయి నమలడం ఆపాడు. "మాట బయటికి చెప్పకూడదని కట్టడి ఉందిగా."

"వేరేవాళ్ళకి చెప్పకూడదని. అన్నవాడికి చెప్పకూడదని ఎక్కడా లేదు."

చివరికి అతనే తగ్గాడు. "రెండేళ్ళవుతోంది. అంతా మంచు పట్టినట్టుంటుంది. ఇన్నాళ్ళూ పోగుని వేళ్ళతో తడిమి పరిచా. మొన్నొచ్చిన సరుకు మరీ సన్నం, వేలికి అందలేదు."

"చెప్పొచ్చుగా బాబాయ్."

"చెప్తే? ఇంట్లో కూర్చో పెద్దాయనా అంటారు. ఇంట్లో కూర్చుని గోడలతో కబుర్లాడనా?"

ఆమె సాయంత్రం అతని చెయ్యి పట్టుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు దీపం వేసి చూసి, "రెండిట్లోనూ శుక్లాలు. తీసేస్తే మామూలుగా కనిపిస్తుంది. ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారండీ?" అన్నాడు.

"నల్లగుడ్డ పరుస్తున్నా," అన్నాడు బాబాయి.

మర్నాడు ఇద్దరూ కలిసి కొత్త ఫ్రేము పరిచారు. పోగు ఎటుందో ఆమె చూసి గుడ్డ ఆనించేది, అతను ఒత్తేవాడు. ఆ రోజు బాబాయి నోరు మెదపలేదు. పొయ్యిలో గట్టిపడి వచ్చాక ఆమె ప్రతి అంగుళం రెండేసిసార్లు తట్టింది. మాట లేదు, నిట్టూర్పు కూడా లేదు. పందెంలో ఆవిడ నాలుగోదిగా, ఒంటి మీద గీత పడకుండా కొండ దిగింది.

తర్వాతి వారం బాబాయికి ఆపరేషనైంది. యజమానురాలు ఫోన్ చేసి, "నెలరోజులు విశ్రాంతి తీసుకోమను. బల్ల ఎవరికీ ఇవ్వనని చెప్పు," అంది.

కట్టు విప్పిన రోజు బాబాయి ముందు కిటికీ చూశాడు, తర్వాత తన అరచేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆఖర్న ఆమె వైపు తిరిగి, చెవి పక్కన వేలు పెట్టాడు.

"తెల్లవెంట్రుక వచ్చిందే నీకు."

"వచ్చి ఏడాదిన్నరైంది."

"మీ నాన్నకీ అక్కడే మొలిచింది ముందు," అన్నాడు. ఆమె దీపం వైపుకి కాస్త తిరిగి, కదలకుండా కూర్చుంది, తీరిగ్గా చూసుకోనీ అని.