ఎవరూ ఆపని వ్యాను

ఆ ఫోన్ల గదిలో మాస్టారంటే అందరికీ హడల్. రోగులున్న ఇళ్ళకు మంచాలూ, ఆక్సిజన్ మిషన్లూ అద్దెకిచ్చే కంపెనీ అది. మిషను రాలేదనో, వచ్చింది పనిచేయడం లేదనో జనం ఫోను చేసి తిట్టిపోస్తారు. గదిలోని ఆడపిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. ఎలా చెప్పాలో నేర్పడమే మాస్టారి ఉద్యోగం. ఆయన బల్ల మీద ఓ ఇత్తడి గంట ఉంటుంది. ఎవరి నోటినుంచైనా ‘ఐ’ అనో, ‘వుయ్’ అనో వచ్చిందా, టంగుమంటుంది. గంట కొట్టించుకున్న పిల్ల ఆ పూటంతా నిలబడే ఫోన్లు ఎత్తాలి.

“‘వుయ్ క్యాన్సిల్డ్’ అనకూడదమ్మా. ‘ఇట్ హ్యాజ్ బీన్ క్యాన్సిల్డ్’ అనాలి. మాటలో మనిషి కనబడితే జనం చొక్కా పట్టుకుంటారు. మనిషే లేడనుకో, ఎవరి చొక్కా పట్టుకుంటారు?” అనేవారు మాస్టారు. అని, తన చొక్కా కాలరు ఓసారి సవరించుకునేవారు.

మూల కుర్చీలో కూర్చునేది ఆయన సొంత చెల్లెలే. ఇంట్లో అన్నయ్య, గదిలో సార్. ఆమె ఈ ఉద్యోగంలో చేరిందే తల్లి కోసం. తల్లికి ఊపిరితిత్తులు పాడయ్యాయి, మిషను లేకపోతే గడవదు. ఫోనెత్తే పిల్లల ఇళ్ళకు కంపెనీ మిషను ఊరికే ఇస్తుంది. మాస్టారు కాంట్రాక్టు మనిషి కాబట్టి ఆయనకా సదుపాయం లేదు.

ఓ రోజు వ్యాన్లు చాలలేదు. మేనేజరు సెలవులో ఉన్నాడు. ఏ ఇంటికి ముందు వెళ్ళాలో చెప్పమని డ్రైవరు వస్తే, మాస్టారు టీ చప్పరిస్తూ, “ఆ ఊరి చివరిల్లు రేపు చూద్దాంలే. ఒక్క మిషను కోసం అంత దూరమా?” అన్నారు. మూల కుర్చీలోంచి చెల్లెలు విన్నది.

ఆ చివరింటి ముసలాయన తెల్లారేసరికి పోయాడు.

ఆయన కూతురు రోజూ ఫోను చేసేది. తిట్టినా బాగుండేది, తిట్టేది కాదు. “ఎవరు ఆపారో చెప్పండి, చాలు” అనేది. చెల్లెలు “ఇట్ వాజ్ డిలేడ్, మేడమ్” అంటూ నెట్టుకొచ్చింది. ఓ పొద్దున ఇక ఆమె వల్ల కాలేదు. “వుయ్ స్టాప్డ్ ఇట్. తప్పు మాదేనండీ” అనేసింది. గంట టంగుమంది. అవతలామెకు కూడా వినబడే ఉంటుంది. చెల్లెలు లేచి నిలబడి, ఆమె ఏడుపు ఆగేదాకా ఫోను పట్టుకునే ఉంది.

సెలవు నుంచి వచ్చిన మేనేజరు మాస్టారిని పిలిచాడు. “వ్యాను ఆపిందెవరు?”

మాస్టారు కాలరు సవరించుకున్నారు. “ద వ్యాన్ వాజ్ స్టాప్డ్ ఫ్రమ్ ద ఫోన్ రూమ్, సార్.”

“ఓహో. ఫోన్లో తప్పు ఒప్పుకున్న ఆ పిల్లేనా?”

మాస్టారు అవుననలేదు, కాదనీ అనలేదు. అంత పిరికితనాన్ని ఇస్త్రీ మడత నలగకుండా దాచడం ఆయనకే చెల్లింది. ఇక డ్రైవరంటారా, అతన్నెవరడిగారు గనక!

సాయంత్రం చెల్లెల్ని పిలిచి ఆ కబురు మాస్టారే చెప్పారు. “యూ హ్యావ్ బీన్ రిలీవ్డ్.”

“ఎవరు తీసేశారన్నయ్యా?” ఆ గదిలో ఆమె సార్ అనకపోవడం అదే మొదలు.

“ఇట్ వాజ్ డిసైడెడ్.”

“ఆపమన్నది నువ్వేనని మేనేజరుగారికి ఒక్క మాట చెప్పు. అమ్మ మిషను పట్టుకుపోతారు.”

“చూద్దాంలే” అన్నారు మాస్టారు. చివరింటి గురించీ అదే మాట అన్నారని ఆయనకు గుర్తుకొచ్చింది. అయినా లేచి మేనేజరు గదివైపు వెళ్ళలేదు.

మర్నాడు కంపెనీ నుంచి ఇద్దరు మనుషులు ఇంటికొచ్చారు. ఇద్దరూ మాస్టారి దగ్గర మాట తీరు నేర్చుకున్నవాళ్ళే. “ద మెషిన్ హ్యాజ్ బీన్ విత్‌డ్రాన్, సార్.”

“ఎవరు చెప్పార్రా? ఎవరు పంపారు మిమ్మల్ని?” మాస్టారు ఒకడి చొక్కా పట్టుకోబోయారు. వాడు ఆయన నేర్పిన నవ్వే నవ్వాడు. ‘వుయ్ ఆర్ సారీ’ అనలేదు, అందులో ‘వుయ్’ ఉంది కదా. “ఇన్‌కన్వీనియన్స్ ఈజ్ రిగ్రెటెడ్, సార్” అని ట్యూబు ఊడదీసి చుట్టచుట్టాడు.

వాళ్ళు వెళ్ళాక తల్లి మంచం మీద వంగి కూర్చుంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. “మిషను... ఎవరు... తీయించార్రా?”

చెల్లెలు చెంచాతో తల్లికి నీళ్ళు పడుతోంది. ఆ చెంచాను గ్లాసు అంచు మీదికి ఎత్తి పట్టుకుని అన్నయ్య నోటివంక చూసింది. ఒక్కసారి ‘నేను’ అంటే టంగుమని కొడదామని కాచుకుంది.

మాస్టారు తల్లిని చూశారు, గోడను చూశారు.

“అలా అయిపోయిందమ్మా” అన్నారు.

చెల్లెలు చెంచా కింద పెట్టి తల్లి వీపు నిమరసాగింది.