చిన్న బాకాకు పగ్గం

పెద్ద బాకా లోపల నడుస్తున్నాను. నేనూ భద్రాచారీ కలిసి చేసిన మైకుసెట్టు బాకానే, మనిషి దూరేంత పెద్దదేమీ కాదు, అయినా ఇప్పుడు అందులో రెండెడ్ల బండి తోలుకుపోవచ్చు. అటూ ఇటూ టేకు చెక్కలు వంపు తిరిగి పోతున్నాయి, కాళ్ళ కింద రంపప్పొట్టు మెత్తగా ఉంది, ఎంత నడిచినా అడుగుల చప్పుడు రాదు. బాకా వెడల్పయ్యేకొద్దీ వెలుతురు పెరగాలి, అది న్యాయం, కానీ ఇక్కడ వెడల్పయ్యేకొద్దీ మసకేస్తోంది, ఆ మసకలో పీట మీద కూర్చుని భద్రాచారి చిత్రిక పడుతున్నాడు. అతను పోయి ఎల్లుండికి ఏడాది. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు, ఇద్దరిలో ఎవరమూ దాని ఊసెత్తం.

నాకు సంతోషం కలగదు, భయమూ కలగదు. ఎదురింటి అరుగు మీద రోజూ కూర్చునే మనిషిని చూసినట్టు చూస్తాను.

"కూర్చోరా నాంచారీ," అంటాడు తలెత్తకుండా. "మన బాకా ఇప్పుడు ఎంత దూరం వినపడతా ఉంది?"

"ఏడు మైళ్ళు," అంటాను. "మొన్న నాటకంలో శంఖం ఊదితే, అవతలి రేవులో పడవవాళ్ళు బయలుదేరమని బూర ఊదారనుకుని తాడు విప్పేశారు. పెళ్ళివాళ్ళంతా ఇవతలికొచ్చేశారు, పెళ్ళికొడుకు అవతలే ఉండిపోయాడు."

"నేనున్నప్పుడు మూడు మైళ్ళేగా."

"నువ్వు పోయినాక గాలికి అడ్డం తగ్గింది."

నవ్వుతాడు. నవ్వితే పెదాల మధ్య మేకులు కదులుతాయి, వడ్రంగులు మేకులన్నీ పెదాల మధ్య పట్టుకుని ఒక్కోటీ తీసి కొడతారే, అట్లా. దగ్గరికి వంగి చూస్తే అవి మేకులు కావు, రెసిస్టెన్సులు. తెల్లటి సుద్దముక్కల్లా ఉండి రెండు వైపులా తీగలున్నవి. నోటినిండా అవి ఉన్నా మాట మాత్రం స్పష్టంగా వస్తోంది, ఒక్కో అక్షరమూ అంచులు అరగకుండా వచ్చి చెవిలో దిగుతోంది, మనిషి మాట ఇంత స్పష్టంగా విని చాలా ఏళ్ళయింది అనుకుంటాను, ఎందుకయిందీ అని మాత్రం అనుకోను.

ఆ రెసిస్టెన్సులు నావే. పాటలోని బరువును పెద్ద బాకాకీ పదునును చిన్న బాకాకీ పంచిపెట్టేది రెంటికీ మధ్యనుండే క్రాసోవర్ పెట్టె, అందులో రాగితీగ చుట్టలూ కండెన్సర్లూ ఉంటాయి. చిన్న బాకా పొగరుబోతు దూడలాంటిది, వదిలేస్తే పెద్దదాన్ని మింగేసేలా అరుస్తుంది, అందుకని దాని దారిలో రెసిస్టెన్సులు వేసి పగ్గం బిగిస్తాం. చెక్కపని ఆచారిది, పెట్టెపని నాది. ముప్పయ్యేళ్ళు ఆ గట్టు ఎవరమూ దాటలేదు, నాటకాలకీ పెళ్ళిళ్ళకీ దివిసీమంతా మా బాకాలే తిరిగాయి.

ఆచారి పెదాల మధ్య నుంచి ఒకటి తీసి చెక్క మీద పెడతాడు. "ఇది బుల్లెయ్య కూతురి పెళ్ళప్పుడు తీసేశావు."

ఇంకొకటి పెడతాడు. "ఇది గాలివాన వచ్చిన మరుసటేడు."

మూడోది పెట్టేటప్పుడు దాన్ని కాసేపు వేళ్ళ మధ్య తిప్పుతాడు. "ఇది ఆఖరుది. పద్యనాటకం రోజు తీశావు. అక్కడికి పగ్గం అయిపోయింది."

"పద్యం మొద్దుబారి వినపడుతుంటే తీశానురా," అంటాను.

"ఎవరికి మొద్దుబారింది?"

జవాబు చెప్పేలోపు టేకు చెక్కలు తప్పుకుంటాయి, మేమిద్దరం అదే పీట మీద కూర్చునే ఉన్నాం కానీ చుట్టూ నాటకం జరిగిన మైదానం ఉంది. ముందు వరసలో ఆడవాళ్ళు చాపలు చుట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని వెనక్కి పోతున్నారు. ఇది జరిగిందే. విరామంలో ఆచారి రంగం పక్కకు వచ్చి, "చిన్న బాకా గుచ్చుతోందిరా, జనం లేచిపోతున్నారు," అని నా చెవిలో చెప్పాడు. నా చేతిలో మైకుంది. ఊరందరికీ వినపడేట్టు, "మా ఆచారికి చెవులు కూడా టేకువేనండోయ్, చెదలు పట్టవు గాని శబ్దం కూడా పట్టదు," అన్నాను. జనం నవ్వారు. అతనూ నవ్వి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా షెడ్డు గడప తొక్కలేదు. మా ఇళ్ళ మధ్య మూడు సందులు, నేనూ వెళ్ళలేదు. ఏడు నెలల తరవాత చిత్రిక పడుతూ పడుతూ ఆ చెక్క మీదికే ఒరిగిపోయాడని కబురొచ్చింది. పాడె మోశాను. భుజం ఒరుసుకుపోయింది, నాకు మాత్రం ఏ బరువూ తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

"ఎల్లుండి నా సంవత్సరీకానికి ఏం వేస్తన్నావు?" అని అడుగుతాడు.

"నీ పద్యమే. నువ్వు పని చేసుకుంటూ పాడుకునేది గాయత్రి ఫోన్లో పట్టి దాచుకుందంట. నాన్న గొంతు నాన్న చేసిన బాకాల్లోనే వినాలి బాబాయ్ అని అడిగింది నీ కూతురు. సరేనన్నాను."

"పగ్గం లేకుండానా?"

"ఇప్పుడే కమ్మగా ఉందిరా. నువ్వే వినలేదు."

చిత్రిక ఆగుతుంది. "అందులో నా గొంతు గొంతులా ఉండదురా నాంచారీ. రేకు మీద రంపం లాగినట్టుంటది. బతికుండగా నలుగురిలో నన్ను చెవిటోణ్ణి చేశావు, పోనీ. పోయినాక నా పిల్ల ముందు నన్ను రంపాన్ని చెయ్యమాకు."

"నా చెవులకేం రోగం? చీమ తుమ్మినా వినపడిద్ది. ఏ చీమ తుమ్మిందో కూడా చెబుతా."

"సందేళ మీ పెరట్లో కీచురాళ్ళు అరిచి ఎన్నాళ్ళయింది?"

"ఇంకెక్కడి కీచురాళ్ళు. చేలకు మందులు కొట్టీ కొట్టీ జాతే లేకుండా చేశారు. ఊళ్ళో అందరికీ ఆ మాట ముందు చెప్పింది నేనే. పదేళ్ళయింది."

"ఉన్నయ్యిరా," అంటాడు ఆచారి. "రోజూ అరుస్తానే ఉన్నయ్యి."

ఇక్కడ గుండెలో ఏదో జారాలి. జారదు. ఊళ్ళోవాళ్ళు నా మాటకు తలూపుతూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మైదానం అవతల చిన్నగా కనపడుతుంది, అదీ ఎవరి సంగతో అన్నట్టు చూస్తాను.

"ఇన్నాళ్ళూ నాకు ఎవరూ చెప్పలేదే," అంటాను.

"నేను చెప్పాగా. మైకులో జవాబిచ్చావు."

మళ్ళీ బాకాలోకి వచ్చేశాం, లేక బాకాయే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిందో, చెక్కలు ఇందాకటి కన్నా దగ్గరగా ఉన్నాయి. అతను చిత్రిక పడుతుంటే పొట్టు తెగకుండా ఒకటే చుట్టగా వస్తోంది, మూరలూ బారలూ దాటి నా మోకాళ్ళ దాకా పేరుకుంటోంది.

"అయితే ఎన్ని ఓముల రెసిస్టెన్సు వెయ్యమంటావు?"

"నాకేం తెలుసురా, చెక్కోణ్ణి. చెవులున్నోళ్ళని కూర్చోబెట్టుకో. అడిగితే పరువేం పోదు."

"పోదా?"

"నీకున్నదెంత, పొయ్యేదెంత," అని నవ్వుతాడు, నేనూ నవ్వుతాను, ఆ కాసేపూ ముప్పయ్యేళ్ళు ఎలా ఉన్నామో అలాగే ఉంటాం.

తరవాత అతను పద్యం ఎత్తుకుంటాడు. మొదటి పాదం నిండుగా వస్తుంది. రెండో పాదంలో స, చ, ష లాంటివి ఒక్కోటీ రాలిపోతాయి, మూడో పాదానికి అక్షరాలన్నీ పోయి మూలుగులాంటి రాగం ఒక్కటే మిగులుతుంది, ఆచారి పెదాలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి, చెప్పవలసింది ఇప్పుడే చెప్పాలి, తప్పు నాదిరా అని రెండు మాటలు, అంతే, కానీ నోరు తెరవబోతే నా పెదాల మధ్య రెసిస్టెన్సులున్నాయి, ఎప్పుడొచ్చాయో, నోరు తెరిస్తే అవన్నీ పొట్టులో పడిపోతాయి, పడితే మళ్ళీ దొరకవు, అందుకని పెదాలు బిగపట్టి అతని వంక చూస్తూ ఉంటాను, పొట్టు నా గడ్డం దాకా వస్తుంది.

మెలకువ వచ్చింది. షెడ్డులో బల్ల మీద తల వాల్చి, క్రాసోవర్ పెట్టె పక్కనే నిద్రపోయాను. మధ్యాహ్నపు ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. గాయత్రి ఇచ్చిన ఫోను ఆంప్లిఫయరుకు తగిలించే ఉంది, పద్యం అయిపోయి మళ్ళీ మొదలైంది. నా చెవికి కమ్మగానే ఉంది. బానలోంచి వస్తున్నట్టు, మెత్తగా, అక్షరాలేవీ అడ్డం రాకుండా ఆచారి గొంతు.

గడపలో గాయత్రి నిలబడి ఉంది. రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని.

లేచి శబ్దం తగ్గించాను. చెవుల్లోంచి వేళ్ళు తీసి ఏదో అంది. పెదాలు కదిలాయి. మాటలో సగమే వచ్చింది, 'బాబాయ్' అన్నది తెలిసింది, మిగతాది తెలియలేదు. ఇలాంటప్పుడు ఊఁ అని తలూపి, ఎదురు ఏదో ఒక కథ అందుకుంటాను. పదేళ్ళుగా అదే నా వాడుక.

"నాకు వినపడలేదమ్మాయ్," అన్నాను.

ఆమె నా వంక చూసింది.

"ఇట్టా వచ్చి బాకాల ఎదురుగా కూర్చో. నేను ఒక్కో రెసిస్టెన్సూ వేసుకుంటూ వస్తాను. మీ నాన్న మీ నాన్నలాగా వినపడ్డప్పుడు చెయ్యెత్తు. నాకు తెలవదు, నువ్వే చెప్పాలి."

పీట లాక్కుని కూర్చుంది. మొదటిది టంకం పెట్టి పద్యం మళ్ళీ మొదట్నుంచి వేశాను. నాకు ఏ తేడా తెలియలేదు. గాయత్రి చెయ్యి ఒళ్ళోంచి కొంచెం లేచి, అక్కడే ఆగింది. రెండోది అందుకున్నాను.