ఉత్తరపు గోడకు గడ్డిమోపులు

మంచం మీద నుంచి కాళ్లు కిందపెట్టగానే తెక్లాకు ఏదో తేడా తెలిసింది. చెక్కనేల చల్లగా కొట్టింది. ఇల్లంతా నిశ్శబ్దం. కింద నేలమాళిగలో ఉండి ఇంటికి వెచ్చగాలి పంపే ఫర్నేస్ రాత్రంతా చేసే గొణుగుడు లేదు. రేడియో పెడితే, బయట మైనస్ ముప్ఫై ఆరు డిగ్రీలని చెప్పింది.

ఈ రోజు కాకపోయినా బాగుండేది. చెల్లెలు యుస్తీనా వచ్చి నిండా మూడు రోజులు కాలేదు. పందొమ్మిదో ఏట ఈ గోధుమ మైదానాలు వదిలి సముద్రం ఒడ్డున ఊరికి వెళ్లిన మనిషి, మళ్లీ నలభై ఏళ్లకు, భర్త పోయాక, అక్క ఏడాది పొడుగునా రాసిన ఉత్తరాలకు మెత్తబడి, పది రోజులుండి చూస్తానని వచ్చింది. పోయిన శీతాకాలం న్యుమోనియా చేసి లేచింది. చలి పడకపోతే వెళ్లిపోతాననీ, అప్పుడు అలగకూడదనీ ఫోన్లోనే మాట తీసుకుంది. తెక్లా సరేనంది కానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఈ వంటింటి తలుపులోంచే తమ్ముడు ఇల్కో వెళ్లాడు, అమ్మ వెళ్లింది, తన భర్త మెఫోదీ వెళ్లాడు. తిరిగొచ్చింది యుస్తీనా ఒక్కతే.

తెక్లా వెచ్చదనం కోసం ఓవెన్ వెలిగించి తలుపు తీసిపెట్టి, పట్నంలో ఫర్నేస్‌లు బాగుచేసే ఓరెస్ట్‌కు ఫోన్ చేసింది. అరవై కిలోమీటర్ల అవతల బడిని వెచ్చబెట్టే బాయిలర్ పగిలిందట, పిల్లల్ని ఇళ్లకు పంపేశారట. రేపు పొద్దున్న గాని రాలేనన్నాడు. ఈలోగా చిన్నచిన్నవి చూసుకో అత్తా, గ్యాస్ వాసన వేస్తే మాత్రం ముట్టుకోకు అన్నాడు.

యుస్తీనా కోటు వేసుకునే వంటింట్లోకి వచ్చింది. దగ్గు రెండుసార్లు ఆపుకుంది. సంగతి విని, ఒంటిగంట బస్సు ఉంటుందిగా అని మెల్లగా అంది.

"ఒక్క రోజు ఓర్చుకోవే."

"ఓర్చుకునే ఊపిరితిత్తులు నాకు లేవు అక్కా. నీమీద కోపం కాదు. అలగనని మాటిచ్చావు."

తెక్లా అలగలేదు. టార్చిలైటు, ఫర్నేస్‌తో వచ్చిన చిన్న పుస్తకం తీసుకుని మెట్లు దిగింది. నాలుగో తరగతిలో ఆవుల కోసం బడి మాన్పించారామెను. విత్తనాల కంపెనీ పుస్తకాలు ముందేసుకుని తనకు తానే చదవడం నేర్చుకుంది. ఈ పుస్తకాన్ని కూడా, ఫర్నేస్ పెట్టిన ఏడు, రెండుసార్లు చదివింది.

ఇప్పుడు ఈ తెల్ల పెట్టె ఉన్నచోట ఒకప్పుడు బొగ్గు ఫర్నేస్ ఉండేది. గొట్టాల చేతులన్నీ పైకప్పుకు చాచిన ముసలి రాక్షసుడిలా ఉండేది. నాన్న చీకటితోనే లేచి పార వేసిన చప్పుడుకు ముగ్గురు పిల్లలకూ మెలకువొచ్చేది. హాల్లో నేలకు బిగించిన ఇనపజాలీ మీద ముగ్గురూ ఇరుక్కుని నిలబడేవారు. వెచ్చగాలికి రాత్రిగౌన్లు గుమ్మడికాయల్లా ఉబ్బేవి. ఇల్కో మధ్యలో నిలబడి అక్కల్ని మోచేతులతో తోసేవాడు. జాలీ గళ్ల మచ్చలు పాదాలకు పడితే అవి లెక్కపెట్టుకుంటూ బడికి పోయేవారు. బొగ్గు పొగ వాసన కోటుల్లోంచి వసంతం దాకా పోయేది కాదు. ఆ రాక్షసుడు ఎన్నడూ మొరాయించిన గుర్తు లేదామెకు. మొరాయించే ఉంటుంది. నాన్న పిల్లలకు తెలియనిచ్చి ఉండడు.

పుస్తకంలో ఉన్న వరసలోనే చూసింది. గోడ మీద వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌కు కొత్త బ్యాటరీలు ముందే వేసింది. కరెంటు మీట పైకే ఉంది. గ్యాస్ గొట్టం పిడి తెరిచే ఉంది, వాసనేమీ లేదు. గాలి వడగట్టే ఫిల్టర్ లాగి టార్చికి అడ్డం పెడితే వెలుతురు బాగానే వచ్చింది. ఫర్నేస్ తలుపు సరిగ్గా పడకపోతే అది పనిచేయదని గుర్తొచ్చి, తీసి మళ్లీ నొక్కి మూసింది. ఊహూ. తలుపు మీది చిన్న అద్దంలో ఎర్రదీపం మిణుకుమంటోంది. మూడుసార్లు మిణుకు, ఆగడం, మళ్లీ మూడు. పుస్తకం కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. మూడు మిణుకులంటే గాలి ఆడటం లేదని, బయటి గొట్టాల నోళ్లు చూడమని ఉంది.

గాలి పీల్చి పొగ వదిలే ఆ గొట్టాలు ఉత్తరపు గోడకు, మోకాలెత్తులో ఉన్నాయి.

తెక్లా పుస్తకం మూసేసింది. ఆ గోడకు కిందటి నెలలో గడ్డిమోపులు పేర్చింది తనే. పక్క పొలం వాళ్లు ట్రాక్టర్లో తెచ్చి పడేస్తే, ఒక్కొక్కటీ దొర్లించి, పునాది పొడుగునా రెండు వరసలు కట్టింది. మంచు పడకముందు నాన్న ఏటా చేసిన పనే. నాన్న కాలంలో పొగగొట్టం ఇంటి నెత్తిన ఉండేది. కొత్త ఫర్నేస్ పెట్టాక మెఫోదీ గోడకు గడ్డి కట్టడం మానేశాడు. ఎందుకు మానేశాడో ఈమె అడగలేదు, బద్ధకమనుకుంది. చెల్లెలి గదికి చలి తగలకూడదని ఈ ఏడు మళ్లీ కట్టింది. గొట్టాల ముందు జానెడు సందు వదిలానులే అనుకుంది. నిన్నటి మంచుగాలి ఆ సందును నింపేసింది.

గొర్రెచర్మం కోటు తొడుక్కుని పార పట్టుకుని వెళ్లింది. పై మోపు గడ్డకట్టి కింది మోపుకు అతుక్కుపోయింది. లాగితే రాలేదు. పారతో పొడుస్తుంటే వెనక మంచు కిరకిరలాడింది. యుస్తీనా, ముక్కు దాకా శాలువా చుట్టుకుని, చేతిలో పెద్ద చెక్కగరిటెతో నిలబడింది.

"లోపలికి పోవే, నీ ఛాతీ."

"లోపల మాత్రం వెచ్చగా ఏడ్చిందా?" అని వంగి సందులోకి చూసింది. "ఎవరు పేర్చారివి?"

తెక్లా అబద్ధం చెప్పబోయి మానుకుంది. "నేనే. నీ గది గోడ కదా అని."

యుస్తీనా గరిటె పట్టుకునే నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగి మళ్లీ నవ్వులోకి వచ్చింది. "దానికి ఊపిరాడకుండా కప్పావు. ఉత్తరాలతో నన్నూ ఇలాగే కప్పావు అక్కా. వారానికి రెండు."

తెక్లాకు ఏడుపొచ్చింది గానీ ఆ చలిలో ఏడవడానికి లేదు. ఇద్దరూ చెరో పక్క పట్టి ఊపితే మోపు ఊడి దొర్లింది. గొట్టాల నోళ్లలో పిడికిలంత మంచుముద్ద. యుస్తీనా గరిటెతో కొట్టి పెళ్లగించింది.

కిందికొచ్చి కరెంటు మీట దించి, పుస్తకం చెప్పినట్టు కాసేపాగి ఎత్తారు. ముందు లోపలి చిన్న పంకా సన్నగా మూలిగింది. టిక్కుమంది. తర్వాత లోపల ఏదో ఎర్రబడి, నీలిమంటలు వరసగా అంటుకున్నాయి. ఇద్దరూ చిన్న అద్దానికి దగ్గరగా వంగి మంటల్ని చూశారు.

ఫోన్లో సంగతి విని ఓరెస్ట్ కేకలేశాడు. అది ఆగిపోవడమే మంచిదైందనీ, లేకపోతే విషగాలి ఇంట్లోకే తన్నుకొచ్చేదనీ, మిగతా మోపులు కూడా ఈ రోజే తీసెయ్యమనీ అన్నాడు. అవి తీస్తే ఆ గది చల్లబడుతుందే అని తెక్లా గొణిగింది.

"చల్లబడనీ, రాత్రికి నీ గదిలోకొచ్చి పడుకుంటాను" అంది యుస్తీనా. "మంచు కరిగేదాకా ఉంటాను. ఆ తర్వాత నన్నడక్కు."

తెక్లా అడగలేదు. సొరుగులోంచి రెండు కత్తులు తీసింది.

ఎండలో మళ్లీ బయటికెళ్లి, మోపుల తాళ్లు కోసి, కాలు జారకుండా ఆ గడ్డిని దారి పొడుగునా పరచసాగారు. ఒంటిగంటకు బస్సు పెద్దరోడ్డు మీద మంచుధూళి లేపుకుంటూ పోయింది. తెక్లా మాత్రమే తలెత్తి చూసింది. యుస్తీనా కత్తితో రెండో మోపు తాడు కోస్తూ, ముడి ఇంత గట్టిగా వేసిందెవరని తిడుతోంది.