నలభై ఏళ్ల దుమ్ము

సెలూన్ నడిపే ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ రెప్పలయ్య అంటారు. కళ్లు టపటపా కొట్టుకుంటాయి, మధ్యమధ్యలో ఎడమ భుజం ఎగురుతుంది. ఎవరైనా అడిగితే "దుమ్ము" అంటాడు. నలభై ఏళ్లుగా ఒకటే దుమ్ము మరి!

ఆయన కూతురికి పదిహేనేళ్లు. రెండు వారాల క్రితం, పరీక్షల్లో ఉండగా, ఆ పిల్ల కుడిచెయ్యి ఉన్నట్టుండి లేచి గుండెల మీద బాదుకోవడం మొదలైంది. ఆ వెంటనే "పో!" అని కేక. డాక్టరు కాగితం తెస్తేనే రానిస్తామని స్కూలువాళ్లు ఇంటికి పంపేశారు. చదువెగ్గొట్టడానికి వేషాలని రెప్పలయ్య తేల్చేశాడు. ఆ పొద్దున చెయ్యి తగిలి పాలగిన్నె బోర్లా పడేసరికి చెంప ఛెళ్లుమనిపించి, ఆసుపత్రికి లాక్కొచ్చాడు.

"ఇదంతా నటనేనని మీరే దీనికి గడ్డి పెట్టండి డాక్టరమ్మా."

డాక్టరమ్మ పిల్లనే అడిగింది. "వచ్చేముందు లోపల దురదలాంటిది తెలుస్తుందా? కాసేపు ఆపగలవా?"

"లేదండీ. వచ్చాకే తెలుస్తుంది. అందరూ చూస్తుంటే ఇంకా ఎక్కువవుతుంది."

ఆవిడ తలూపి, కుర్చీ తండ్రివైపు తిప్పింది. "మీకెప్పటినుంచి?"

"నాకా? నాకేం రోగం? దుమ్మండీ!"

"గడ్డం గీసేటప్పుడు కూడా వస్తుందా?"

"కత్తి చేతిలో ఉంటే రాదు. పక్కన పెట్టగానే..." రెప్పలయ్య ఆగిపోయాడు.

"మీది టిక్స్ అనే, కళ్లూ భుజాలూ వాటంతటవే ఎగిరే జబ్బులా ఉంది. చిన్నప్పుడే మెల్లగా మొదలవుతుంది, కాసేపు ఆపుకోవచ్చు. అమ్మాయిది చూడ్డానికి అలాగే ఉన్నా, ఈ వయసులో ఉన్నట్టుండి వచ్చింది, ఆపుకోలేకపోతోంది; అది వేరు, వైద్యమూ వేరు. చాలామందికి తగ్గుతుంది. రెండిట్లో ఏదీ నటన మాత్రం కాదు."

రెప్పలయ్య నెత్తిన పిడుగు పడ్డట్టయింది. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. ఈయనకు తన జబ్బే తెలియలేదు.

"జబ్బా? మరి మా నాన్న అలవాటు మానమని బెల్టుతో కొట్టేవాడే!"

"మానేశారా?"

"ఎక్కడ? తలుపేసుకుని చేసేవాణ్ణి."

కూతురు తల తిప్పి చూసింది. ఆ చెంప మీద వేళ్ల గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"అయితే కొడితే ఆగదని నీకు తెలుసన్నమాట," అంది. "తెలిసే కొట్టావా నాన్నా?"

రెప్పలయ్య కళ్లు టపటపా కొట్టుకున్నాయి. ఆ పిల్ల జవాబు కోసం చూస్తూనే ఉంది.